మీ బాత్రూమ్ గోడలో నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ఈ ఎపిసోడ్‌లో రాజులూ యుద్ధాలూ లేవు. మాకవరపాలెంలో మా ఇంటి బాత్రూమ్ గోడ గురించి చెప్తాను. నవ్వకండి, దీని వెనకాల 4,500 ఏళ్ల కథ ఉంది.

మా నాయనమ్మ గదికీ బాత్రూమ్‌కీ మధ్య ఒకటే గోడ. ఆవిడ మంచం వైపు ఎప్పుడూ చెమ్మే. పెయింట్ పొక్కులు లేచి రాలేది, నల్లగా బూజు పట్టేది. రాత్రిళ్లు ఆవిడకి ఒకటే దగ్గు. మేస్త్రిని పిలిస్తే "టైల్స్ పాతవైపోయాయి, మార్చేద్దాం" అన్నాడు. మార్చాం. డబ్బులు అయిపోయాయి, చెమ్మ మాత్రం మళ్లీ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే స్క్రీన్ రంగు మార్చి ఊరుకోం కదా! ఇక్కడ నేను చేసింది సరిగ్గా అదే.

అప్పుడు నాయనమ్మ ఓ మాట అంది: "మా రోజుల్లో తానాల గది ఇంట్లోన ఎవులు కట్టేరురా?"

నిజమే. అప్పట్లో స్నానం పెరట్లో. చుట్టూ తాటాకు తడక, కింద రాతి బండ, పక్కన నీళ్ల గాబు. వాడిన నీళ్లు అరటిచెట్లకి పోయేవి. తడక తడిసినా ఎండకి ఆరిపోయేది. ఇటుక గోడలున్న ఇళ్లలో గానుగ సున్నం వాడేవారు, అందులో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు. సున్నం గోడ తడి పీల్చుకున్నా మళ్లీ గాలికి వదిలేస్తుంది.

తర్వాత సిమెంట్ వచ్చింది. 1824లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. గట్టిగా ఉంటుంది కాబట్టి నీళ్లు ఆపుతుందని మనం అనుకున్నాం. కానీ మామూలు సిమెంట్ పూతలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీళ్లు పాకుతాయి. ఆ తర్వాత గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ మన ఊళ్లదాకా వచ్చాయి. బాత్రూమ్ పెరట్లోంచి పడకగది పక్కకి వచ్చేసింది. చెంబు పోయి షవర్ వచ్చింది, అంటే తల ఎత్తు దాకా గోడ రోజూ తడుస్తుంది. టైల్‌లోంచి నీళ్లు దిగకపోవచ్చు, కానీ టైల్‌కీ టైల్‌కీ మధ్య గ్రౌట్‌లోంచి దిగుతాయి. గోడకి కొత్త పని ఇచ్చాం, ఆ పనికి కావాల్సింది మాత్రం ఇవ్వలేదు.

ఈ సంగతి మొహెంజొదారో వాళ్లకి ముందే తెలుసు. అక్కడి మహాస్నానవాటికలో పైకి కనిపించేది ఇటుకే. దాని వెనకాల నీళ్లు ఆపడానికి సహజమైన తారు పొర వేశారు. అంటే అందానికి ఒక పొర, నీళ్లకి ఇంకో పొర. అమెరికాలో ఇళ్ల లోపలి గోడలు ఎక్కువగా జిప్సం బోర్డువి. టైల్ వెనక ఆ బోర్డు తడిస్తే మెత్తబడి పాడైపోతుంది. అందుకే చాలామంది షవర్ చుట్టూ అతుకులు తక్కువుండే ఫైబర్‌గ్లాస్, యాక్రిలిక్ పలకలు పెట్టుకుంటారు.

రెండోసారి మేం ముందు కారణం వెతికాం. రెండు రోజులు ఆ బాత్రూమ్‌లో ఎవరూ స్నానం చెయ్యలేదు. చెమ్మ పెరగలేదు. స్నానాలు మొదలెట్టాక మళ్లీ పెరిగింది. అంటే తప్పు పైపుది కాకపోవచ్చు, గోడది కావచ్చు. వాడకపోయినా చెమ్మ పెరిగితే మాత్రం ముందు పైపులు చూపించండి.

టైల్స్ ఇటుక దాకా కొట్టించి, కొత్తగా పూత పూయించాం. అది ఆరాక నేల మీద, మూలల్లో, షవర్ కన్నా ఎత్తు దాకా గోడలకి వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేయించాం. అదీ ఆరాక నేలలో 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూశాం. లీక్ లేదని తేలాకే టైల్స్ అతికించాం. గ్రౌట్ ఎపాక్సీది, మూలల్లో సిలికాన్. నాయనమ్మ వైపు గోడకి వెంటనే పెయింట్ వెయ్యలేదు. పాత పెయింట్ గీకేసి, బాగా ఆరే దాకా వదిలేశాం.

ఆ గోడ ఒక వానాకాలం దాటింది, పొడిగానే ఉంది. నాయనమ్మ మంచం మళ్లీ పాత చోటికే వచ్చింది. మీ ఇంట్లో టైల్స్ మార్చేముందు రంగు, డిజైన్ తర్వాత చూద్దురుగాని. "టైల్ వెనకాల ఏం వేస్తున్నారు?" అని మేస్త్రిని ముందు అడగండి. మళ్లీ కలుద్దాం.