అరవై నాలుగు గళ్ల గింజలు

ఇవాళ ఒక లెక్క గురించి మాట్లాడుకుందాం. లెక్క అనగానే రేడియో కట్టేయకండి! వంటింట్లో కడప బండ మీద ముగ్గుపిండితో వేసి చూసుకోదగిన లెక్కే ఇది.

ఎనిమిదేసి గళ్లు ఎనిమిది వరసలు గీస్తే చదరంగం పలక అవుతుంది. మొదటి గడిలో ఒక కొర్ర గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు... ఇలా రెట్టింపు చేస్తూ పొండి. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని ఈ బహుమానమే కోరాడన్న కథ మీరు వినే ఉంటారు. పదో గడికి 512 గింజలు. అప్పటిదాకా పెట్టినవన్నీ కలిపితే 1,023. అంటే పదకొండో గడిలో పెట్టవలసిన 1,024కి ఒకటి తక్కువ. ఎక్కడ ఆగినా ఇంతే. అరవై నాలుగూ నిండితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. బియ్యమే అనుకుని గ్రాముకు యాభై గింజలు వేసుకుంటే, ఇప్పుడు ప్రపంచమంతా ఏటా పండే బియ్యాన్ని సుమారు ఏడు వందల ఏళ్లు కూడబెట్టాలి. పాపం రాజుగారు!

ఇరవై అంకెల ఈ సంఖ్యను మనవాళ్లు ఒక్క తెలుగు పద్యంలో ఇమిడ్చారు. అది పావులూరి మల్లన చెప్పిందని ప్రసిద్ధి. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన కవి ఆయనే. పద్యంలో అంకెలుండవు, మాటలుంటాయి. చంద్రుడు ఒకడే గనక శశి అంటే 1. మన్మథుడి బాణాలు ఐదు గనక శర అంటే 5. వేదాలు 4, కొండలు 7, ఆకాశం సున్న. మాటల్ని వరసగా చదువుతూ అంకెల్ని కుడి నుంచి ఎడమకు వేసుకుంటూ పోవాలి.

మరి తాటాకు మీద రాసేవాడు ఒక మాట తప్పు రాస్తే? దొరకబుచ్చుకోవచ్చండీ. పక్కపక్క గళ్లు రెండేసి కలపండి: 3, 12, 48... అన్నీ మూడుతో పోతాయి. కాబట్టి మొత్తమూ పోవాలి. అంకెలన్నీ కూడితే 87, సరిపోయింది. శశి ఉన్నచోట శర అని పడితే 91 అవుతుంది, పోదు. వేదమని పడితే మాత్రం 90 వచ్చి దొంగ తప్పించుకుంటాడు. అప్పుడు పదిహేడుతో భాగించాలి. మొదటి వరస ఎనిమిది గళ్ల మొత్తం 255, అంటే పదిహేను పదిహేడులు. మిగతా వరసలన్నీ దాని గుణిజాలే. ఒక్క అంకె మారినా పదిహేడుతో భాగం పోదు. కడపలో బ్రౌన్ దొర పండితులను పెట్టి, ఒక్కో గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పాఠం సరిచూయించేవాడు. ఈ పద్యానికి రెండో ప్రతి అక్కర్లేదు, సంఖ్యే సాక్ష్యం చెబుతుంది.

మా అవ్వకు చదరంగమూ తెలీదు, పద్యమూ తెలీదు. రెట్టింపు మాత్రం బాగా తెలుసు. 1876-78లో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలను ఊడ్చేసిన ధాత కరువు మాటలు ఆమె తన పెద్దల నోట విన్నది. ఒక్క పడి కొర్రలు అప్పు తెచ్చి, తీర్చలేక ఏటేటా రెట్టింపుకు ఒప్పుకుంటే పదేళ్లకు 1,024 పడులు. మన పదకొండో గడి అదే. రాజుగారి గింజలు కథలోవి గానీ ఈ గింజలు కావు. అందుకని మా ఇంట్లో కోత కాగానే మొదట అప్పు గింజలు కొలిచి పక్కన పోసి, ఆ తర్వాతే పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లట.