ఆరు చుక్కల వేట పురుగులు: ఆంథియా, కాలోక్రోవా

మన దేశంలో నేల మీద తిరిగి వేటాడే ఈ రెండు పెంకుపురుగులకూ ఆరు చుక్కలే ఆనవాలు. రెండింటినీ 1775లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ వర్ణించాడు. ఆంథియా సెక్స్‌గుట్టాటా సుమారు 4 సెం.మీ. పొడవుండే నల్లని పురుగు. తెల్లచుక్కలు రెండు మెడభాగం మీద, నాలుగు పైరెక్కల మీద ఉంటాయి. ఎగరలేదు. పట్టబోతే పొట్ట చివర నుంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది, కంట్లో పడితే ప్రమాదం. వరిపొలాల్లో తిరిగే కాలోక్రోవా సెక్స్‌పంక్టాటా అందులో సగమైనా ఉండదు, చుక్కలన్నీ పైరెక్కల మీదే. పగలే వేటాడుతుంది. అలికిడైతే రివ్వున లేచి కాస్త దూరంలో వాలుతుంది. అసలు చూడదగ్గది దీని పిల్లపురుగు: నిట్టనిలువు బొరియ నోటికి తలనే మూతగా పెట్టి, వీపు మీది కొక్కేలతో గోడను పట్టుకుని కాచుకుంటుంది. చీమ దగ్గరికొచ్చిందా, ఒక్క ఉదుటున లోపలికి లాగేస్తుంది.