ఎదగని కణాన్ని ఎదిగించిన మందు

1957లో నార్వే వైద్యుడు లీఫ్ హిల్లెస్టాడ్ ముగ్గురు రోగుల గురించి రాశారు. ముగ్గురికీ బ్లడ్ క్యాన్సర్. రోగం బయటపడిన కొద్ది వారాలకే, విపరీతమైన రక్తస్రావాలతో అది ముదిరిపోయింది. అక్యూట్ మైలాయిడ్ లుకేమియాల్లో అన్నిటికన్నా ప్రాణాంతకమైన రకం ఇదేనని ఆయన తేల్చారు. దాని పేరు అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా, క్లుప్తంగా ఏపీఎల్. ఆ కుటుంబంలో ఇవాళ అన్నిటికన్నా బాగా నయమవుతున్నదీ ఇదే.

మామూలుగా ఎముక మూలుగలో పుట్టిన తెల్లరక్తకణం దశలవారీగా ఎదిగి, పనిచేసి, రాలిపోతుంది. ఏపీఎల్‌లో అది ప్రోమైలోసైట్ దశలోనే ఆగిపోతుంది. ఎదగదు, చావదు, గుట్టలుగా పేరుకుపోతుంది. ఆ కణాల్లోంచి వెలువడే పదార్థాలు రక్తం గడ్డకట్టే ఏర్పాటునే చెడగొడతాయి. 1973లో పారిస్‌లో జాన్ బెర్నార్ బృందం డౌనోరుబిసిన్ అనే కీమో మందు దీనిమీద బాగా పనిచేస్తుందని చూపింది. కానీ కణాలు చచ్చేటప్పుడు రక్తస్రావం ఇంకా ఎక్కువయ్యేది. చంపడం కాకుండా, ఆగిపోయిన కణాన్ని మళ్లీ ఎదిగేలా చేస్తే?

1980, 81లలో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో థియోడర్ బ్రెయిట్‌మన్ బృందం ప్రయోగశాలలో అది సాధ్యమేనని చూపింది. విటమిన్ ఏకు చుట్టమైన రెటినోయిక్ యాసిడ్ తగిలితే ఈ కణాలు ఎదిగాయి. షాంఘైలోని రుయిజిన్ ఆసుపత్రిలో వాంగ్ జెన్‌యీ ఆ దారే పట్టారు. ఆయనకు అందుబాటులో ఉన్నది చర్మరోగాలకు వాడే ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ యాసిడ్, అంటే ఆట్రా. కీమోకు లొంగక ప్రాణాపాయంలో ఉన్న ఐదేళ్ల పాపకు ఆ మాత్రలిచ్చారు. పాప కోలుకుంది. 1988లో ఆయన బృందం 24 మంది ఫలితాలు ప్రచురించింది: 23 మందికి ఆట్రా ఒక్కదానితోనే, మిగిలిన ఒక్కరికి కొద్దిపాటి కీమో కలిపితే రోగం అణిగింది. అయితే ఆట్రా మాత్రమే ఇస్తే చాలామందికి రోగం తిరగబెట్టేది. అందుకే దానికి కీమోను జోడించారు.

రెండో మందు హర్బిన్ నగరం నుంచి వచ్చింది. 1970ల తొలినాళ్లలో ఒక పల్లె వైద్యుడు ఆర్సెనిక్, పాదరస లవణం, కప్పవిషం కలిపి క్యాన్సర్‌కు ఇస్తున్నాడని తెలిసి, డాక్టర్ జాంగ్ టింగ్‌డాంగ్, ఫార్మసిస్టు హాన్ తైయున్ ఆ మిశ్రమాన్ని పరీక్షించారు. వైద్యగుణమంతా ఆర్సెనిక్‌దేనని తేలింది. మిగతావి తీసేశారు. ఇంజెక్షన్‌గా ఇచ్చిన ఆర్సెనిక్ అన్నిటికన్నా బాగా పనిచేసింది ఏపీఎల్‌మీదే.

ఈ రెండు మందులూ ఎందుకు పనిచేస్తున్నాయో తర్వాత తెలిసింది. ఈ రోగంలో 15, 17 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయని షికాగోలో జానెట్ రౌలీ 1977లోనే గుర్తించారు. 1990 ప్రాంతంలో ఉగ్ ద తే, ఆన్ డజాన్ వంటి శాస్త్రవేత్తలు ఆ అతుకు దగ్గర ఏముందో చూశారు. పీఎంఎల్, ఆర్ఏఆర్ఏ అనే రెండు జన్యువులు అతుక్కుని ఒక వికృత ప్రోటీన్ తయారవుతోంది. కణం ఎదుగుదలను ఆపుతున్నది అదే. ఆట్రా ఆ ప్రోటీన్‌లో ఒక సగాన్ని పట్టుకుంటుంది, ఆర్సెనిక్ రెండో సగాన్ని. రెండు వైపులా పట్టుబడిన ప్రోటీన్ ధ్వంసమవుతుంది. వేర్వేరుగా రెండు ఊళ్లలో దొరికిన మందులు ఒకే శత్రువును చెరోవైపునుంచి పట్టుకున్నాయన్నమాట!

2013లో రోమ్‌కు చెందిన ఫ్రాంచెస్కో లో-కోకో బృందం, ముప్పు మరీ ఎక్కువగా లేని రోగుల్లో, కీమో లేకుండా ఈ రెండే ఇచ్చి చూసింది. రెండేళ్ల తర్వాత రోగం తిరగబెట్టడం వంటి ఇబ్బందేదీ లేకుండా ఉన్నవారు 97 శాతం. ఆట్రాతో కీమో తీసుకున్నవారిలో అది 86 శాతం. మన తెలుగు రోగులెందరో వెళ్లే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో విక్రమ్ మాథ్యూస్ బృందం, ఖరీదైన చికిత్స భరించలేని దేశంలో ఆర్సెనిక్ ఒక్కదానితోనే చాలామందిని నిలబెట్టవచ్చని 2006లో చూపింది.

ఇంత సాధించాక కూడా ఏపీఎల్‌తో చనిపోతున్నవారిలో చాలామంది మొదటి రోజుల్లోనే, చికిత్స ఆలస్యమై, రక్తస్రావంతో పోతున్నారు. అందుకే రోగం అనుమానం రాగానే, జన్యుపరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆట్రా మొదలుపెట్టాలని నిపుణులు చెబుతారు. దెబ్బ తగలకుండానే ఒంటిమీద నీలిమచ్చలు, చిగుళ్లనుంచి ఆగని రక్తం, దాంతోపాటు నీరసం కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ఈ రోగంలో మందు సిద్ధంగా ఉంది. రోగి వేళకు చేరాలి.