సమ్మెకు బదులు సిక్ లీవు: భారత విమానయాన కార్మికుల బేరసారాలపై ఒక పరిశీలన

2024 మే 7 రాత్రి నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది ఒకరి వెంట ఒకరు ఒంట్లో బాగాలేదంటూ డ్యూటీకి రావడం మానేశారు. పదుల కొద్దీ విమానాలు రద్దయ్యాయి. యాజమాన్యం పాతికమంది దాకా తొలగింపు ఉత్తర్వులిచ్చింది. మే 9న ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ సమక్షంలో ఇరుపక్షాలూ కూర్చున్నాయి. ఉత్తర్వులు రద్దయ్యాయి, సిబ్బంది విధుల్లో చేరారు. అదే గ్రూపు సంస్థ ఏఐఎక్స్ కనెక్ట్‌తో విలీనం వేళ జీతభత్యాల తీరు మారిందనీ, అందరినీ ఒకేలా చూడటం లేదనీ భారతీయ మజ్దూర్ సంఘ్ (బీఎంఎస్) అనుబంధ యూనియన్ అప్పటికే కార్మిక శాఖకు మొరపెట్టుకుని ఉంది. మొరలకు కదలని వ్యవహారం రెండు రోజుల సిక్ లీవుతో కదిలింది.

ఇది మొదటిసారి కాదు. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. ఇద్దరు పైలట్లను తొలగించడంతో ఆ సెప్టెంబరులో వందలాది మంది సిక్ లీవు పెట్టారు. 2022 జులైలో తక్కువ జీతాలకు నిరసనగా హైదరాబాద్, ఢిల్లీలలో ఇండిగో మెయింటెనెన్స్ టెక్నీషియన్లు అదే దారి పట్టారు. మూడు సంస్థలు, మూడు రకాల ఉద్యోగులు, ఒకటే పద్ధతి. దీన్ని క్రమశిక్షణా రాహిత్యమని కొట్టిపారేయడం తేలిక. బాహాటంగా బేరమాడే దారులు మూసుకుపోవడం వల్ల పుట్టిన పద్ధతి ఇది అన్నది ఈ వ్యాసం వాదన.

మొదట చట్టం సంగతి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘానికి రిజిస్ట్రేషన్ ఇచ్చింది గానీ, ఆ సంఘంతో మాట్లాడి తీరాలని యాజమాన్యాన్ని ఎక్కడా నిర్బంధించలేదు. మరోవైపు పారిశ్రామిక వివాదాల చట్టం విమాన రవాణాను ప్రజోపయోగ సేవగా చూసింది. సమ్మెకు ముందుగా నోటీసు ఇవ్వాలి, రాజీ చర్చలు సాగుతుండగా సమ్మె చేస్తే చట్టవిరుద్ధం. నోటీసు అందగానే రాజీ ప్రక్రియ మొదలవుతుంది కాబట్టి, చట్టబద్ధమైన సమ్మె కాగితం మీద తప్ప దాదాపు అసాధ్యమైంది. జ్వరానికి మాత్రం ముందస్తు నోటీసు అక్కర్లేదు.

కార్మికుల అనైక్యత కూడా ఇందుకు తోడైంది. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమైనా పైలట్ల సంఘాలు రెండుగానే మిగిలాయి. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సంఘమైన ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ సమాన జీతాల కోసం సమ్మె చేసింది. ఆ డిమాండులో న్యాయం ఉంది. మరుసటి ఏడాది పాత ఎయిర్ ఇండియా పైలట్ల ఇండియన్ పైలట్స్ గిల్డ్ 58 రోజులు ఆందోళన సాగించింది. డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణను రెండో వర్గం పైలట్లతో పంచుకోవడంపై వ్యతిరేకతే దాని మూలం. సాటి పైలట్ల అవకాశాల మీద సాగిన ఆ పోరాటం ప్రయాణికుల సానుభూతిని పోగొట్టింది, యూనియన్లంటే స్వార్థ ముఠాలన్న మాటకు బలమిచ్చింది. క్యాబిన్ సిబ్బందికి గానీ, లోడర్లకు గానీ దానివల్ల ఒరిగిందేమీ లేదు.

అసలు లోతైన చీలిక విమానం కింద, పర్మినెంట్, కాంట్రాక్ట్ కార్మికుల మధ్య ఉంది. ఆ చరిత్రలో తెలుగువారికి ఆసక్తి కలిగించే మలుపు ఒకటుంది. భవనాలు ఊడ్చడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం అనే పనుల్లో కాంట్రాక్ట్ కార్మికులను పెట్టకూడదని 1976 డిసెంబర్ 9న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఎయిర్ ఇండియాలో ఆ పనులు కాంట్రాక్టర్ల చేతుల్లోనే సాగాయి. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1996 నవంబరులో యునైటెడ్ లేబర్ యూనియన్ కేసులో జస్టిస్ కె. రామస్వామి ప్రధాన తీర్పు రాశారు. నిషేధించిన పనిలో ఉన్న కాంట్రాక్ట్ కార్మికుడు నేరుగా సంస్థ ఉద్యోగి అయిపోతాడన్నది దాని సారం. కాంట్రాక్టరును తప్పించాక కార్మికుణ్ణి వీధిన పడేస్తే నిషేధానికి అర్థమేముందన్నదే ఆ తీర్పు వెనకున్న తర్కం.

ఐదేళ్లు నిండకుండానే, 2001 ఆగస్టు 30న, స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు సభ్యుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. తీర్పు రాసింది జస్టిస్ సయ్యద్ షా మహమ్మద్ ఖాద్రీ. కాంట్రాక్ట్ విధానాన్ని నిషేధించినంత మాత్రాన కార్మికులు వారంతట వారే పర్మినెంట్ కారన్నారు. కాంట్రాక్ట్ ఉత్తుత్తిదని రుజువైతేనే వారిని సంస్థ ఉద్యోగులుగా చూడాలన్నారు. 1976 నోటిఫికేషన్ కూడా కొట్టుడుపోయింది. ఇద్దరు న్యాయమూర్తులూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లినవారే. చట్టం భాషకు కట్టుబడిన తీర్పుగా రెండోదానికి సమర్థన ఉండొచ్చు. కానీ రుజువు భారాన్ని చీపురు పట్టిన మనిషి మీద వేసిన తీర్పు అది. కాంట్రాక్ట్ పత్రాలన్నీ యాజమాన్యం బీరువాలో ఉంటే కార్మికుడు దేంతో రుజువు చేస్తాడు?

ఆ తర్వాత గ్రౌండ్ హ్యాండ్లింగ్ పని విమాన సంస్థల జీతాల పట్టీల నుంచి వేరే ఏజెన్సీలకు వేగంగా మళ్లింది. 2024 జులైలో ముంబయి కలీనాలో ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ 2,216 గ్రౌండ్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు పెడితే పాతిక వేలమంది వచ్చి తొక్కిసలాటకు దారితీసేంత పరిస్థితి ఏర్పడింది. అవీ నిర్ణీత కాలపు కాంట్రాక్ట్ కొలువులే. 2025 మే 15న తుర్కియే గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థ చెలెబికి భద్రతా అనుమతి రద్దయింది. అది పనిచేస్తున్న తొమ్మిది విమానాశ్రయాల్లో శంషాబాద్ ఒకటి. దేశవ్యాప్తంగా దాదాపు పది వేలమంది ఉపాధి ఒక్క ఉత్తర్వుతో గాల్లో దీపమైంది. ఇతర ఏజెన్సీలు వారిని తీసుకునే ఏర్పాట్లు జరిగాయి, నిజమే. కానీ పాత సర్వీసు లెక్క ఏమవుతుందో, గ్రాట్యుటీ ఎవరిస్తారో యజమాని మారిన ప్రతిసారీ మొదటినుంచీ అడగాల్సిన దుస్థితి ఆ కార్మికులది.

ఇక పని గంటలు. పైలట్ల వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచుతూ, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గిస్తూ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో నిబంధనలు ప్రకటించింది. విమాన సంస్థల ఒత్తిడితో అవి వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాకే 2025 జులై 1, నవంబర్ 1 తేదీల్లో రెండు దశలుగా అమల్లోకొచ్చాయి. డిసెంబర్ మొదటివారంలో ఇండిగో రోస్టర్లు కుప్పకూలి, 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. అదే రోజు డీజీసీఏ సెలవును వారపు విశ్రాంతిగా లెక్కించరాదన్న ఆదేశాన్ని ఉపసంహరించి, రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. దాదాపు రెండేళ్లు సిద్ధం కావడానికి గడువున్న యాజమాన్యానికి సడలింపు దొరికింది, నిద్ర కరువైన పైలట్ మాట అడిగినవారు లేరు. విశ్రాంతి గంటలు సామూహిక ఒప్పందంలో ఉండి ఉంటే, కనీసం యూనియన్‌ను పిలిచి మాట్లాడక తప్పేది కాదు.

కోర్టుల ద్వారా వచ్చే హక్కుకు ఇలాంటి పరిమితులు పాతవే. 1981లో నర్గేష్ మీర్జా కేసులో తొలి గర్భంతో ఎయిర్ హోస్టెస్‌ను ఇంటికి పంపే నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది గానీ, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోకూడదన్న షరతును ఉండనిచ్చింది.

దీనికి భిన్నంగా, 2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడాలో పదివేలకు పైగా క్యాబిన్ సిబ్బంది విమానం నేలమీదున్నప్పుడు చేసే పనికీ జీతం కావాలని బాహాటంగా సమ్మెకు దిగారు. ప్రభుత్వం జోక్యం చేసుకున్నా, విధుల్లోకి వెళ్లాలన్న ఆదేశాన్ని ధిక్కరించి నిలబడ్డారు. 19వ తేదీకి నేలమీది పనికి చెల్లింపుతో ఒప్పందం కుదిరింది. అందులోని వేతనాల భాగం చాలదని తర్వాత 99 శాతం మంది తిరస్కరించారు కూడా. అక్కడ ఎవరూ అనారోగ్యం సాకు వెతుక్కోలేదు. గుర్తింపు పొందిన సంఘం, సభ్యుల ఓటు, వెనక్కి తగ్గని సంఖ్యాబలం వారికున్నాయి.

మన దగ్గర 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ సంస్థ మస్టర్ రోల్‌లోని 51 శాతం కార్మికుల మద్దతున్న యూనియన్‌కు బేరమాడే హోదా ఇస్తోంది. ఇది ఎన్నాళ్ల నుంచో లేని అవకాశం. అదే కోడ్ సగం మంది ఒకేరోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవు పెడితే సమ్మెగానే లెక్కిస్తోంది కనుక పాత చాటుదారి ఇరుకవుతుంది. ఏజెన్సీ లోడరు పేరు విమాన సంస్థ మస్టర్‌లో ఉండదు కాబట్టి ఆ 51 శాతంలో అతను ఎక్కడా లెక్కకు రాడు. అందుకని పైలట్ల, క్యాబిన్ సిబ్బంది సంఘాలు హోదా సంపాదించి ఊరుకోకూడదు. ఏజెన్సీ మారినా గ్రౌండ్ కార్మికుడి ఉద్యోగమూ, సర్వీసూ కొనసాగాలన్న షరతును తమ తొలి డిమాండ్ల పత్రంలోనే చేర్చాలి.