తుఫాను వేళ పక్షి నెత్తురు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరగడం గురించి చాలా రాశారు. అక్టోబరంటే ఇచ్ఛాపురం పక్కన తెలుకుంచిలో నత్తగొట్టు కొంగలు పిల్లల్ని పెంచుకునే కాలం కూడా. తొలకరికి వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక ఏడాది చివరికి వెళ్ళిపోతాయవి. టెక్కలి మండలం తేలినీలాపురానికి ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు చేరేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. పురిటికొచ్చిన ఆడపిల్లలని ఊరివాళ్ళు వాటిని కాచుకుంటారు. సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు రాస్తుంటాయి గానీ ఈ మూడు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో తిరిగేవే. మన వానలూ మన చెరువులూ మన తుఫాన్లే వాటి బతుకు.

గూట్లో పిల్లలున్న పక్షి మీద అలాంటి గాలి విరుచుకుపడితే దాని ఒంట్లో ఏం జరుగుతుంది? మూత్రపిండాల పక్కనున్న అడ్రినల్ గ్రంథులు కార్టికోస్టిరాన్ అనే హార్మోనును నెత్తుట్లోకి వదులుతాయి. అది దాచుకున్న శక్తిని బయటికి తెస్తుంది, తిండి వెతుక్కోమంటుంది, మరీ ఎక్కువైతే గూడు వదిలి ప్రాణం కాపాడుకోమంటుంది. ఈ మాత్రం పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది. ఆ హార్మోనును మోసే ప్రోటీను సంగతి మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఒత్తిడి గురించి మనకు తెలుసనుకున్నదాన్ని ఎక్కువగా మార్చింది ఆ ప్రోటీనే.

ఒత్తిడి మీద ఆధునిక పరిశోధన ఎలుకలతో మొదలైంది. మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే 1936లో నేచర్ పత్రికకు ఒక చిన్న లేఖ రాశాడు. చలి, గాయం, విషం ఏదైనా సరే, శరీరం ఒకే తీరులో స్పందిస్తుందనీ అడ్రినల్ గ్రంథులు పెద్దవవుతాయనీ అందులో చెప్పాడు. ఆ గ్రంథి పైపొరలోని హార్మోన్లను విడదీసి, వాటి పనిని తేల్చినందుకు కెండాల్, రైక్‌స్టీన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో ముఖ్యమైనది కార్టిసాల్, పక్షుల్లో కార్టికోస్టిరాన్. నెత్తుట్లో అది ఎంత ఉంటే ఒత్తిడి అంత అని అందరూ లెక్కగట్టారు.

ఆ లెక్క తప్పని ముందుగా తెలిపింది గర్భిణులే. వాళ్ళ నెత్తుట్లో కార్టిసాల్ బాగా ఎక్కువ. అంత ఎక్కువగా ఉన్న రోగుల్లో కనిపించే జబ్బు లక్షణాలు మాత్రం వాళ్ళలో లేవు. 1950ల చివర్లో అమెరికాలో విలియం డాహడే, ఆ తరువాత స్లాన్‌వైట్, శాండ్‌బర్గ్‌లు దీనికి కారణం పట్టుకున్నారు. రక్తద్రవంలో ఒక ప్రోటీను ఈ హార్మోనును గట్టిగా పట్టుకుని ఉంటుంది. గర్భధారణలో ఈస్ట్రోజన్ వల్ల ఆ ప్రోటీను పెరుగుతుంది. పట్టుబడి ఉన్న హార్మోను కణాల్లోకి అంత తేలిగ్గా చేరదు. 1959లో ఆ జంట దానికి ట్రాన్స్‌కార్టిన్ అని పేరు పెట్టింది; శాస్త్రవేత్తలు నేడు ఎక్కువగా వాడేది సీబీజీ అన్న పొట్టి పేరు. గాదెలో ధాన్యం ఎంతున్నా ఆ పూటకు వండేది బయటికి తీసినదాన్నే. నెత్తుట్లో హార్మోను పరిస్థితి కూడా అంతే: మామూలు రోజుల్లో అందులో చాలా భాగం పట్టుబడే ఉంటుంది, స్వేచ్ఛగా తిరిగేది కొద్దిపాటిదే.

1960ల్లో యులిసీస్ సీల్, డో అనే ఇద్దరు ఈ ప్రోటీను ఏయే వెన్నెముక జంతువుల్లో ఉందో వెతుక్కుంటూ పోయారు. సీల్ తరువాతి కాలంలో అంతరించిపోతున్న జంతువుల సంరక్షణకు ప్రపంచస్థాయి బృందం నడిపాడు. నెత్తురు పరీక్షించే పనికీ జంతువును కాపాడే పనికీ మధ్య దూరం లేదనడానికి ఆయన జీవితం ఒక్కటి చాలనిపిస్తుంది నాకు.

నెత్తుట్లో హార్మోను కొలిచే ఈ విద్యను పక్షుల దగ్గరికి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పాల్సిన పేర్లు డొనాల్డ్ ఫార్నర్, జాన్ వింగ్‌ఫీల్డ్. 1970ల్లో సియాటిల్ కేంద్రంగా వాళ్ళు ప్రయోగశాల పంజరాలు వదిలి పొలాల్లోకి వెళ్ళారు. వలతో పిచ్చుకజాతి పక్షిని పట్టి, రెక్క కింది నరం నుంచి కొన్ని చుక్కల నెత్తురు సన్నటి గాజు గొట్టంలోకి తీసి, పక్షిని ఎగరేసేవారు. పట్టుకున్న భయానికే హార్మోను పెరిగిపోతుంది గనక, మామూలు స్థాయి తెలియాలంటే దాదాపు మూడు నిమిషాల్లోపు తీయాలి. తరువాత అరగంటకో గంటకో ఇంకోసారి తీస్తే ఒత్తిడికి పక్షి ఎంత స్పందించిందో తెలుస్తుంది. తెల్లకిరీటం పిచ్చుకల మీద 1983లో వచ్చిన వాళ్ళ పరిశీలనను మన తీరంవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. పిల్లల్ని పోషించే దశలో గాలివాన వస్తే ఆ పక్షుల్లో కార్టికోస్టిరాన్ పెరిగింది, గూళ్ళు పాడైపోయాయి.

మరుసటి ఏడాది వింగ్‌ఫీల్డ్, మాట్, ఫార్నర్‌లు పక్షుల నెత్తుట్లో హార్మోన్లను మోసే ప్రోటీన్ల లక్షణాలు వివరించారు. మనుషుల్లో లైంగిక హార్మోన్లకు వేరే మోత ప్రోటీను ఉంది. పక్షుల్లో అది లేదు. టెస్టోస్టిరాన్ కూడా సీబీజీనే పట్టుకుని ప్రయాణిస్తుంది, కాకపోతే పట్టు తక్కువ. అంటే గూడు కట్టే ఉత్సాహాన్నిచ్చే హార్మోనూ గూడు వదలమనే హార్మోనూ ఒకే ప్రోటీను మీద చోటుకు పోటీ పడతాయి. ఒకటి పెరిగితే రెండోదాని లెక్క కదలక తప్పదు. పక్షి శరీరంలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచిన ఏర్పాటు మరొకటి లేదు.

అసలు మలుపు 2001లో వచ్చింది. దానికి కారణం మన ఊరపిచ్చుకే. విజయనగరం పల్లెల్లో చూరుకు వరికుచ్చులు కట్టి పిలుచుకునే ఆ పిచ్చుకను అమెరికాలో క్రే బ్రూనర్, మైల్స్ ఆర్చినిక్ ఏడాది పొడవునా పరీక్షించారు. మొత్తం కార్టికోస్టిరాన్ రుతువును బట్టి మారింది. గూళ్ళు కట్టే కాలంలో బాగా ఎక్కువ. అయితే సీబీజీ కూడా దానితోపాటే పెరిగింది. స్వేచ్ఛగా ఉన్న హార్మోనును లెక్కగడితే రుతువుల మధ్య ఆ తేడా కనిపించలేదు! మొత్తం మాత్రమే కొలిచినవాళ్ళు వసంతంలో పిచ్చుకలు ఎక్కువ ఒత్తిడి పడతాయని రాసుకుని ఉండేవారు. 2003లో తెల్లకిరీటం పిచ్చుక ఉపజాతుల్ని పోల్చి చూస్తే, ఈ స్పందనను అదుపులో పెట్టే తీరు ఒక్కోదానిలో ఒక్కోలా ఉందని తేలింది. ఆ ఏడాదే ఆకలి మీద కూడా ప్రయోగం జరిగింది. తిండి లేకపోతే సీబీజీ తగ్గుతుంది. గ్రంథి అదనంగా చుక్క వదలకపోయినా స్వేచ్ఛా హార్మోను పెరగగలదన్నమాట. వరసగా మూడు రోజులు ముసురు పట్టి, మడుగుల్లో చేప దొరకని గూడబాతు గురించి ఆలోచించేవారికి ఇది చిన్న విషయం కాదు.

అందరూ ఒప్పుకోలేదు. 2013లో ఫంక్షనల్ ఎకాలజీ పత్రికలో రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలిచాయి. మొత్తం హార్మోను కొలిస్తే చాలదని బ్రూనర్ బృందం అంది. స్వేచ్ఛా హార్మోను అంచనాలో ఊహలు ఎక్కువనీ, ప్రతి పరిశోధనకూ అది తప్పనిసరి కాదనీ షోక్, రొమెరో తదితరులు వాదించారు. నా మొగ్గు బ్రూనర్ వైపే, అయినా రెండో పక్షం హెచ్చరికను తోసిపుచ్చలేం. పట్టుబడిన హార్మోను వట్టి నిల్వ కాదనే ఆధారం అప్పటికే ఉంది: మనుషుల్లో వాపు చేసిన చోట ఒక ఎంజైము సీబీజీని కోసి, హార్మోనును సరిగ్గా అక్కడే విడుదల చేయిస్తుందని 1988లోనే చూపారు. పక్షుల్లో ఆ ప్రోటీను జన్యువు, నిర్మాణం 2016 నాటికి గాని స్పష్టం కాలేదు. కెనడాలో జెఫ్రీ హామండ్ బృందం కోడి నుంచి ఆ పని చేసింది.

ఇక మన దగ్గర. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. కడుపులో నులిపురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. ఆ మరణాలకు ఒత్తిడిని ముడిపెట్టను. కానీ కార్టికోస్టిరాన్ చాలాకాలం ఎక్కువగా ఉంటే రోగనిరోధక శక్తి తగ్గుతుంది గనక, అలాంటి ఏడాదికి ముందూ వెనకా ఈ పక్షుల హార్మోను లెక్క మన చేతిలో ఉండాలి.

పిల్లలున్న గూటి దగ్గరికి వెళ్ళి పెద్ద పక్షిని పట్టి నెత్తురు తీయమని ఎవరూ అడగకూడదు. చెట్టు కింద పడే రెట్ట ఉంది. కాలేయం విచ్ఛిన్నం చేసి బయటికి పంపేది ముఖ్యంగా స్వేచ్ఛా హార్మోనునే గనక, రెట్టలో దొరికే అవశేషాలు ఆ భాగానికే దగ్గరగా ఉంటాయి. పులుల మలం, ఏనుగుల పేడతో ఇలాంటి పరీక్షలు చేసిన అనుభవం హైదరాబాదులో సీసీఎంబీవారి వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్‌కు ఉంది. చెట్టు నిండా గూళ్ళున్నచోట ఏ రెట్ట ఏ పక్షిదో చెప్పలేం, వానకు తడిస్తే పనికిరాదు, వెంటనే గడ్డకట్టించాలి. అంతకన్నా నాకు ఈకల మీద ఆశ ఎక్కువ. పెరుగుతున్న ఈకలోకి కార్టికోస్టిరాన్ చేరుతుందని 2008లో గ్యారీ బోర్టొలోట్టి బృందం చూపింది. వారాల తరబడి పక్షి పడిన పాట్లు అందులో నమోదై ఉంటాయి. పెద్ద పక్షి రాల్చిన ఈక ఏ చెరువు దగ్గర మొలిచిందో తెలియదు. గూట్లోంచి జారిపడి చనిపోయిన పిల్ల ఈక మాత్రం ఆ చెట్టు మీదే, ఆ వారాల్లోనే పెరిగింది. తేదీ, చెట్టు, జాతి రాసి అటవీశాఖ వాటిని ఏటా కాగితపు కవర్లలో దాచిపెడితే, ముసురు పట్టిన ఏడాదినీ తెరిపి ఏడాదినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.