హేమంత అతిథుల పద్దు: ముళబాగిలు చెరువుగట్లపై ఒక చారిత్రక పరిశీలన

కోలారు జిల్లాలో తూర్పు అంచున, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువలో వెలసిన పట్టణం ముళబాగిలు. కన్నడంలో ‘మూడణ బాగిలు’, అనగా తూర్పు వాకిలి, కాలక్రమంలో ముళబాగిలుగా మారినదని పెద్దలు చెబుతారు. ఆంజనేయస్వామి ఆలయం, శ్రీపాదరాజ మఠం, సమీపంలోని కురుడుమలె వినాయకుడు, ఆవని రామలింగేశ్వరుడు ఈ సీమకు ఖ్యాతి తెచ్చాయి. ప్రసిద్ధ రచయిత డి.వి. గుండప్ప 1887లో జన్మించినది ఈ ఊరిలోనే. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం పలికే కుటుంబాలు ఇక్కడ అనేకం. ఈ తూర్పు వాకిలి గుండా వచ్చేవారు యాత్రికులు, వర్తకులు మాత్రమే కారు. ప్రతి హేమంతంలోనూ మరొక అతిథివర్గం వచ్చి పోతుంది. ఆ అతిథులే వలసపక్షులు.

కోలారు జిల్లాకు జీవనది లేదు. నంది కొండల ప్రాంతంలో పుట్టిన పాలారు ఏడాదిలో అధికభాగం ఇసుక మేటగానే కనిపిస్తుంది. అందుచేత పూర్వులు వాననీటినే నమ్ముకొని, వాలు చూచి కట్ట వేసి, ఒక చెరువు మరవ పారితే క్రింది చెరువు నిండేటట్లు గొలుసుకట్టుగా వేలాది చెరువులను నిర్మించారు. కోలారు బంగారు గనుల పట్టణానికి త్రాగునీరు అందించిన బేతమంగళం చెరువు కూడా పాలారు మీదిదే. తూము తెరచి నీరు పంచే నీరుగంటికి చెరువులోని మట్టమే కాక, దానిపై వ్రాలే పిట్టలు కూడా చిరపరిచితాలు. ఏ పిట్ట వస్తే నీరు ఎంత తగ్గినదో అతడు ఎరుగును. అయితే అతని ఎరుక నోటి మాటగానే మిగిలినది. కాగితం మీదికి రాలేదు.

తెలుగు సాహిత్యంలోనూ ఇటువంటి ఎరుక కొంత నిక్షిప్తమై ఉన్నది. ప్రబంధకవులకు ప్రీతిపాత్రమైన జక్కవ, అనగా చక్రవాకం, నిజానికి మన చెరువులలో గూడు కట్టి పిల్లలను పెంచే పక్షి కాదు. లడఖ్, టిబెట్టు, మధ్య ఆసియా ప్రాంతాలలో సంతతిని వృద్ధి చేసుకొని, చలికాలంలో మాత్రమే దక్షిణానికి దిగివచ్చే ఎఱ్ఱని బాతు అది. రాత్రివేళ జంట విడిపోతుందని కవులు వర్ణించారే గాని, ఏ ఊరి చెరువులో ఏ నెలలో ఎన్ని జక్కవలు వ్రాలినవో వ్రాసి ఉంచినవారు లేరు. వర్ణన వేరు, పద్దు వేరు. చరిత్రకు రెండవదే ఆధారం.

దక్షిణ భారతంలో ఆ పద్దును క్రమంగా ఆరంభించినవారిలో ముఖ్యుడు థామస్ జెర్డన్ (1811-1872). మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఇతడు 1839-40లో దక్షిణాపథ పక్షుల జాబితాను, 1862-64లో ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’ గ్రంథాన్ని ప్రకటించాడు. శాస్త్రనామాల పక్కనే తెలుగువారు పిలిచే పేర్లను కూడా ఇతడు పొందుపరచడం తెలుగు పాఠకులు కృతజ్ఞతతో గుర్తుంచుకోవలసిన విషయం. బండరాతి గుట్టలలో నివసించే పసుపు గొంతు పికిలిపిట్టను 1845లో లోకానికి పరిచయం చేసినది ఇతడే. నంది కొండ మొదలుకొని రాయలసీమ గుట్టల వరకు కనిపించే ఈ పిట్ట దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు.

జాబితా విలువ ఎంతటిదో జెర్డన్ పేరనే వెలసిన మరొక పక్షి నిరూపించినది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఆ పక్షిని మన పల్లెవారు కలివి కోడి అంటారు. 1900లో అనంతపురం ప్రాంతంలో నమోదైన తరువాత అది ఎవరి పద్దులోనూ చేరలేదు. అంతరించినదనే అందరూ భావించారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ పాత నమోదులలోని ఊళ్లను వెదకుతూ బయలుదేరి, స్థానికుల సాయంతో 1986 జనవరిలో కడప జిల్లాలో దానిని తిరిగి కనుగొన్నారు. ఎనభై అయిదు సంవత్సరాల పాటు కనబడని ప్రాణి ఉనికికి దారి చూపినవి, ఎవరో ఎన్నడో తేదీతో, స్థలంతో సహా వ్రాసి ఉంచిన కొన్ని పంక్తులే. ఆ ఆవిష్కరణ ఫలితంగా శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది. ఆ పంక్తులు లేకున్నచో ఎక్కడ వెదకవలెనో ఎవరికి తెలిసేది?

ఇరవయ్యవ శతాబ్దిలో ఈ కృషిని డాక్టర్ సాలిం అలీ (1896-1987) ముందుకు నడిపారు. 1931లో హైదరాబాదు సంస్థానంలోను, 1939-40లో మైసూరు సంస్థానంలోను ఆయన పక్షుల సర్వే జరిపారు. కోలారు జిల్లా ఆనాడు మైసూరు రాజ్యంలోని భాగమే. 1941లో వెలువడిన ఆయన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ సామాన్యుని చేతికి పక్షిశాస్త్రాన్ని అందించినది.

చలికాలంలో పక్షులను లెక్కించే సంప్రదాయం విదేశాలలో 1900 డిసెంబరు 25న ఆరంభమైనది. క్రిస్మస్ నాడు పక్షులను వేటాడే పోటీలకు బదులుగా, వాటిని లెక్కించుదామని అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ ప్రతిపాదించగా, ఆ తొలి ఏడాది 27 మంది పాల్గొన్నారు. తుపాకి పట్టిన చేయి పెన్సిలు పట్టడం చిన్న మార్పు కాదు. మన దేశంలో 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతున్నది. జనవరినే ఎన్నుకొనడానికి కారణం ఉన్నది. ఆ నెలలో వలసపక్షులు ప్రయాణం ముగించి ఒకచోట స్థిరంగా ఉంటాయి గనుక, ఒకే గుంపును రెండుచోట్ల లెక్కించే పొరపాటు తగ్గుతుంది.

ఇటువంటి సామాన్యుల పద్దులు ఏకమైతే ఏమి తెలియగలదో 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక చాటినది. 30,000 మందికి పైగా పక్షి పరిశీలకులు అందించిన 3 కోట్లకు మించిన నమోదులు దానికి ఆధారం. దీర్ఘకాలిక ధోరణిని నిర్ణయించగలిగిన 338 జాతులలో 204 జాతులు క్షీణించినట్లు తేలినది. దసరా నాడు శుభశకునంగా దర్శించే పాలపిట్ట, కర్ణాటక రాష్ట్రపక్షి, కూడా తగ్గుముఖం పట్టినదని ఆ నివేదిక హెచ్చరించినది. ఏటేటా కొద్దికొద్దిగా తగ్గేదానిని కన్ను గమనించలేదు. లెక్క మాత్రమే పట్టి ఇస్తుంది.

ముళబాగిలు సీమకు ఈ విషయం నేడు మరింత సన్నిహితం. వర్షాభావంతో ఇక్కడి చెరువులు ఏళ్ల తరబడి బీడుపడిన కాలమున్నది. 2018 నుండి బెంగళూరులో శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని కోలారు జిల్లా చెరువులకు పంపే పథకం అమలులోకి వచ్చినది. నీటి గుణంపై రైతులలోను, నిపుణులలోను వాదోపవాదాలు జరిగాయి. నీరు మారినపుడు పురుగులు, నాచు, చేపలు మారుతాయి. వాటిని తినే పక్షులూ మారుతాయి. మేలు జరిగినదా, కీడు జరిగినదా అని వాదించుకొనేవారికి పక్షుల పట్టిక నిష్పక్షపాతమైన సాక్షి. అయితే నిన్నటి పట్టిక లేనిచో నేటి దానిని దేనితో పోల్చగలము?

పట్టిక వ్రాయడానికి విశేష పరికరాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఓపిక చాలును. తేదీ, స్థలం, గమనించిన వేళ, ఎంతసేపు చూచినది, చెరువులో నీటిమట్టం, పక్షి పేరు, సంఖ్య వరుసగా వ్రాయవలెను. పేరు తెలియని పిట్టకు ఊహించి పేరు పెట్టక, ముక్కు, కాళ్లు, తోక, రంగు వర్ణించి ఉంచవలెను. సూదితోక బాతు, తలపై రెండు నల్లని పట్టెలు గల హిమాలయాల ఆవలి బాతు, తోక ఆడించే జిట్టంగి, బురదలో ముక్కు గుచ్చే ఉల్లంకి మొదలైనవాటితో మొదటి పుటను ఆరంభింపవచ్చును. గూళ్లకు, గుంపులకు దూరంగా ఉండి చూచుట మర్యాద. అన్నిటికంటె ముఖ్యమైన నియమం మరొకటి కలదు. ఏ పక్షీ కనిపించని దినాన ‘ఏమియు లేదు’ అని వ్రాయుటకు సంకోచింపరాదు. ఎండిన చెరువు వద్ద వ్రాసిన ఆ సున్న కూడా చరిత్రయే.

పూర్వులు చెరువుకట్టపై శిలాశాసనం నిలిపి, ఎవరు త్రవ్వించినదీ, ఏ శకవర్షంలో త్రవ్వించినదీ చెక్కించారు. ఆ చెరువుకు ఎవరు అతిథులుగా వచ్చినదీ వ్రాయవలసిన వంతు నేటి బాలబాలికలది. ఒక తరగతి ఆరంభించిన పుస్తకాన్ని తరువాతి తరగతి కొనసాగించినచో, 75 హేమంతాల పద్దు ఒక విద్యాలయానికి ఏ బంగారు పతకంకంటెను తక్కువ కాని సంపద కాగలదు. తూర్పు వాకిలి తెరచియే ఉన్నది. వచ్చినవారి పేర్లు వ్రాసుకొనుట ఆతిథ్యంలో తొలి ధర్మం.