రెండు మేటి మోటారుబండ్లు

పదేండ్ల క్రిందట మా పాఠశాల విద్యార్థులను హైదరాబాదున చౌమహల్లా ప్రాసాదమునకు తీసికొనిపోయితిని. అచ్చటి పసుపువన్నె రోల్సు రాయిసు బండిని చూచి ఒక పాలమూరు బాలుడు, "సారూ, ఈ బండి ఎన్ని ఊర్లు తిరిగింది?" అని అడిగెను. చిన్న ప్రశ్నయే గాని, దానికి ఉత్తరము చెప్పుటకు కొంత చరిత్ర కావలెను.

ఆ కాలమున ఆంగ్లదేశమునందు ఉత్తమవాహన మను పేరునకై రెండు సంస్థలు పోటీపడుచుండెను. మొదటిది నేపియరు. ఆరు సిలిండర్ల యంత్రమును జనాదరణకు తెచ్చినది వీరే. వీరి పక్షమున ఎడ్జి యను వర్తకుడు 1907లో బ్రూక్‌లాండ్సు పందెపు బాటపై 24 గంటలలో 1,581 మైళ్లు బండి నడిపెను. ఆ సంవత్సరమే రోల్సు రాయిసు వారి సిల్వర్ ఘోస్టు 15,000 మైళ్ల పరీక్షకు నిలిచెను. ఒకరిది వేగము, మరొకరిది నిశ్శబ్దము, మన్నిక.

తరువాత ముఖాముఖి పోరు వచ్చినది. 1910లో నేపియరు బండి లండను నుండి ఎడింబరో వరకు పై గేరులోనే నడిచి, గ్యాలనునకు 19.35 మైళ్లు సాగెను. బ్రూక్‌లాండ్సులో గంటకు 76.42 మైళ్ల వేగ మందెను. మరుసటి యేడు రోల్సు రాయిసు అదే పరీక్షలో 24.32 మైళ్లు సాగి, 78.26 మైళ్ల వేగము చూపెను. వేగమును తన సొత్తనుకొన్న నేపియరు అక్కడనే ఓడినది. 1924లో కార్ల తయారీ మానుకొని, విమాన యంత్రములపై దృష్టి నిలిపినది.

ఆ 1911లోనే ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను సిల్వర్ ఘోస్టు నొకదానిని కోరెను. బార్కరు సంస్థవారు వెనుకభాగమున సింహాసనమువంటి ఎత్తైన పీఠ మమర్చిరి. బండి సిద్ధమగుటకు మునుపే, 1911 ఆగస్టు 29న ఆయన కాలధర్మము చెందెను. 1890లో పాలమూరునకు మహబూబ్‌నగరమని పేరు వచ్చినది ఆయన వలననే. కోరినవా డెక్కని ఆ బండి ఆయన కుమారుని ఉత్సవములకు మాత్రమే ఉపయోగపడి, స్వల్పముగా తిరిగినది.

ఇదే ఆ బాలునికి చెప్పితిని. వాడు కొంత తడవు ఆలోచించి, "అయితే మా నాయనే ఎక్కువ తిరిగిండు సారూ, రోడ్ల పనికి బొంబాయి దాక పోయిండు" అనెను. తోటిపిల్లలు నవ్విరి, నాకు నవ్వు రాలేదు. పాలమూరు కూలీలు దేశమంతట బాటలు వేసిరి, ఆనకట్టలు కట్టిరి. గెలిచిన బండినిగూర్చి పుస్తకములు వ్రాసినవారు దానికింద బాట పరచినవారిని తలచుకొనలేదు. ఉపాధ్యాయుడనై నేనును అంతవరకు వారిని పాఠములో చేర్చలేదు. ఆ లోటును నాకు చూపినవాడు ఆ బాలుడే.